మధురపూడి నుంచి రేణిగుంట: ఆకాశంలో ఎంత దూరం? ఎంతసేపు?



ఈ నెల గోడపత్రికలో లెక్కల పాఠం రాసే వంతు నాకు వచ్చింది. లెక్కలు అనగానే చదవకుండా బొమ్మల దగ్గరికి వెళ్ళిపోతారని నాకు తెలుసు. అందుకే విమానం లెక్క తీసుకున్నాను. మన రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో ఉంది. తిరుపతి విమానాశ్రయం రేణిగుంటలో ఉంది. ఈ రెండింటి మధ్య నేరుగా పోయే విమానాన్ని 2025 అక్టోబర్‌లో మొదలుపెట్టారు. అంతకుముందు రాజమండ్రిలో విమానం ఎక్కి తిరుపతి పోవాలంటే హైదరాబాద్ లాంటి చోట దిగి ఇంకో విమానం ఎక్కాలి. ఇప్పుడు మన ప్రశ్న: ఈ రెండూర్ల మధ్య గాలిలో ఎంత దూరం? పోవడానికి ఎంతసేపు?

మొదట దారంతో కొలుద్దాం. మన తొమ్మిదో తరగతి గదిలో ఆంధ్రప్రదేశ్ పటం ఉంది కదా. దాని కింద స్కేలు చూడండి. 1 సెంటీమీటరుకు 20 కిలోమీటర్లు అని ఉంటుంది. కుట్టుపని పీరియడ్‌లో మిగిలిన నల్లదారం ఒక కొస మధురపూడి మీద, ఇంకో కొస రేణిగుంట మీద పెట్టి బిగించి లాగాలి. దారం వదులైతే లెక్క తప్పుతుంది. నేను, నా పక్క మంచం అమ్మాయి చెరొక కొస పట్టుకున్నాం. 23 సెంటీమీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. 23ని 20తో గుణిస్తే 460. అంటే 460కి కొంచెం తక్కువ.

దారం ఏ ఊళ్ళ మీదుగా పోయిందో చూస్తే భలే ఉంది. కొవ్వూరు దగ్గర గోదావరి దాటింది. తాడేపల్లిగూడెం, ఆకివీడు పక్కల నుంచి దిగి, మచిలీపట్నం అంచు తాకి, కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమ మీదికి వచ్చింది. అక్కడి నుంచి నేల లేదు! దారం సముద్రంలోకి దిగిపోయింది. మన రాష్ట్రం ఒడ్డు అక్కడ కొడవలి లాగా లోపలికి వంగి ఉంది. బాపట్ల, చీరాల, ఒంగోలు అన్నీ దారానికి కుడివైపు ఉండిపోయాయి. మళ్ళీ నెల్లూరికి కాస్త పైన ఒడ్డుకు ఎక్కి, పెన్నానది దాటి, వెంకటగిరి నాయుడుపేటల మధ్య నుంచి రేణిగుంట చేరింది. దాదాపు మూడో వంతు దారం నీళ్ళ మీదే ఉంది. గుడికి పోయే వాళ్ళకు మధ్యలో బంగాళాఖాతం వస్తుందని ఎవరైనా అనుకుంటారా? నేను మూడుసార్లు బిగించి చూశాను. అదే దారి.

అయితే ఒక మాట. విమానం సరిగ్గా మన దారం మీదే పోదు. ఆకాశంలో కూడా దారులు గీసి పెట్టి ఉంటాయి. కింద నుంచి కంట్రోలర్లు ఎటు తిరగాలో, ఎంత ఎత్తులో పోవాలో చెబుతారు. కనుక నిజంగా ఎగిరే దూరం దారం కంటే కొంచెం ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు దారం లేకుండా లెక్క చేద్దాం. దీనికి అక్షాంశాలు, రేఖాంశాలు కావాలి. సోషల్ సార్ గారు రాసి ఇచ్చారు.

మధురపూడి: ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 7 నిమిషాలు, తూర్పు రేఖాంశం 81 డిగ్రీల 49 నిమిషాలు.
రేణిగుంట: ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల 38 నిమిషాలు, తూర్పు రేఖాంశం 79 డిగ్రీల 33 నిమిషాలు.

ఇక్కడ నిమిషాలు అంటే గడియారం నిమిషాలు కావు. డిగ్రీలో 60వ భాగాన్ని కూడా నిమిషం అనే అంటారు. పేరు ఒకటే, మనుషులు వేరు. మన హాస్టల్లో ముగ్గురు లక్ష్మిలు ఉన్నట్టు.

తీసివేత చేయండి. అప్పు తెచ్చుకునేటప్పుడు పది కాదు, అరవై తెచ్చుకోవాలి. అక్షాంశాల తేడా 3 డిగ్రీల 29 నిమిషాలు. రేఖాంశాల తేడా 2 డిగ్రీల 16 నిమిషాలు.

అక్షాంశం వైపు లెక్క సులువు. భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా దాదాపు 10,000 కిలోమీటర్లు. అసలు మీటరు అనే కొలతను మొదట్లో ఫ్రాన్సు వాళ్ళు ఆ దూరం చూసే పెట్టారు. ఆ 10,000ను 90 డిగ్రీలతో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. దాన్ని మళ్ళీ 60తో భాగిస్తే ఒక నిమిషానికి 1.852 కిలోమీటర్లు. ఓడల వాళ్ళు, విమానాల వాళ్ళు ఈ ఒక్క నిమిషం దూరాన్నే ఒక నాటికల్ మైలు అంటారు. నాకు ఇది చాలా నచ్చింది. ఎందుకంటే మన బస్సుల మైలురాయి మనుషులు పాతినది. ఈ మైలు భూమి గుండ్రంలో నుంచే వచ్చింది.

3 డిగ్రీల 29 నిమిషాలు అంటే మొత్తం 209 నిమిషాలు. 209ని 1.852తో గుణిస్తే 387 కిలోమీటర్లు. ఇది ఉత్తరం నుంచి దక్షిణానికి దిగిన దూరం.

రేఖాంశం వైపు కొంచెం ఆగి ఆలోచించాలి. రేఖాంశాలు అన్నీ ధ్రువాల దగ్గర కలుస్తాయి. మన వాళ్ళు బుట్ట అల్లడం చూశారు కదా. అడుగున వెదురు బద్దలన్నీ ఒకచోట కలిసి ఉంటాయి, పైకి పోయే కొద్దీ విడిపోతాయి. గ్లోబు కూడా అంతే. రెండు బుట్టలు అంచుకు అంచు పెట్టి బోర్లించినట్టు అనుకోండి. అంచు దగ్గర, అంటే భూమధ్యరేఖ దగ్గర, రెండు బద్దల మధ్య దూరం 111 కిలోమీటర్లు. 60 డిగ్రీల దగ్గరకు పోతే అది సగమే. మనం ఉన్న 15, 16 డిగ్రీల చోట సుమారు 107. కనుక 2 డిగ్రీల 16 నిమిషాలు, అంటే 2.27ను 107తో గుణిస్తే 243 కిలోమీటర్లు. ఇది తూర్పు నుంచి పడమరకు జరిగిన దూరం.

ఇప్పుడు కాగితం మీద నిలువు గీత 387, అడ్డం గీత 243 గీయండి. రెండూ కలిసిన చోట లంబకోణం. విమానం పోయేది కర్ణం. ఇక పైథాగరస్ సిద్ధాంతమే. సిద్ధాంతం బట్టీ పట్టినప్పుడు దీనితో ఏం పని అనుకున్న వాళ్ళు ఇక్కడ చూడండి.

387 వర్గం 1,49,769.
243 వర్గం 59,049.
రెండూ కలిపితే 2,08,818.
వర్గమూలం 457.

457 కిలోమీటర్లు! దారం చెప్పిన మాట, లెక్క చెప్పిన మాట ఒకటే అయింది. భూమి గుండ్రంగా ఉంది కదా, బల్లపరుపు లెక్క ఎలా చెల్లుతుంది అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఇంత చిన్న దూరానికి తేడా కిలోమీటరు అటూ ఇటూనే వస్తుంది. అమెరికా పోయే విమానానికి అయితే ఈ లెక్క పనికిరాదు, గోళం లెక్క చేయాలి.

రైలులో అయితే రాజమండ్రి నుంచి విజయవాడ, గూడూరు మీదుగా రేణిగుంటకు సుమారు 525 కిలోమీటర్లు. 525ను 457తో భాగిస్తే 1.15 వస్తుంది. దీనికి నేను వంకర లెక్క అని పేరు పెట్టుకున్నాను. తిన్నగా 100 కిలోమీటర్లు పోయే చోట రైలు 115 పోతుంది అన్నమాట. కోస్తాలో నేల చదును కనుక రైలు వంకర తక్కువే. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ పని ఉంది.

దూరం అయింది. ఇక సమయం.

ఇలాంటి దగ్గర ఊళ్ళ మధ్య తిరిగేది ఎక్కువగా ఏటీఆర్ 72 అనే విమానం. ఫ్రాన్సు, ఇటలీ వాళ్ళు కలిసి తయారు చేస్తారు. సుమారు 70 మంది పడతారు. రెక్కలకు రెండు పెద్ద పంకాలు ఉంటాయి. పైకి పోయాక గంటకు 510 కిలోమీటర్ల దాకా పోగలదు. 457ను 510తో భాగించి 60తో గుణిస్తే 54 నిమిషాలు.

కానీ టికెట్ మీద గంటకు పైనే వేస్తారు. ఎందుకు? విమానం బస్సు లాగా స్టాండులోనే వేగం అందుకోదు. ముందు మెల్లగా దొర్లుకుంటూ రన్‌వే కొస దాకా పోవాలి. అక్కడ పైవాళ్ళు సరే అనేదాకా ఆగాలి. లేచాక ఐదారు కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఎద్దుబండి ఘాటీ ఎక్కినట్టే, వేగం తక్కువ. దిగేటప్పుడు కూడా ముందు నుంచే తగ్గించుకుంటూ రావాలి. పైగా దిగేటప్పుడు గాలికి ఎదురుగా దిగితే మంచిది. గాలి అటు నుంచి వీస్తుంటే చుట్టు తిరిగి రన్‌వే రెండో కొస నుంచి దిగుతారు. కదిలిన దగ్గర నుంచి ఆగిన దాకా మొత్తం సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద వేసేది అదే.

గాలి సంగతి ఇంకో లెక్క. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురు వస్తోందనుకోండి. 510లో 50 పోతే నేల మీద కొలిచే వేగం 460. అప్పుడు సుమారు 60 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 560. అప్పుడు 49 నిమిషాలు. దూరం మారలేదు, విమానం మారలేదు, 11 నిమిషాలు తేడా. వాగులో ఏటికి ఎదురు ఈదిన వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు.

జెట్ విమానం అయితే ఇంకా తొందరగా పోతుంది కదా అనవచ్చు. గంటకు 830 వేసుకుంటే 33 నిమిషాలు. కానీ జెట్ పది కిలోమీటర్ల పైకి ఎక్కితేనే దానికి బాగుంటుంది. అంత ఎత్తు ఎక్కి దిగేసరికే ఈ దారి అయిపోతుంది. అందుకే దగ్గర దూరాలకు పంకాల విమానం పెద్దగా వెనకబడదు, నూనె కూడా తక్కువ తాగుతుంది.

ఇప్పుడు మన హాస్టల్ నుంచి తిరుపతి దాకా మొత్తం వేద్దాం. ఇక్కడి నుంచి మధురపూడికి రెండు గంటలు. విమానం కంటే రెండు గంటలు ముందు రమ్మంటారు. విమానం గంటంపావు అనుకుందాం. దిగి సామాను తీసుకునేసరికి అరగంట. రేణిగుంట నుంచి తిరుపతికి ఇంకో అరగంట. మొత్తం ఆరుంపావు గంటలు. ఇందులో మనం లెక్క కట్టిన 54 నిమిషాలు ఏడో వంతు మాత్రమే. మిగతా అంతా నేల మీదే.

విమానాశ్రయంలో బోర్డు ఫోటో ఒకటి పుస్తకంలో చూశాను. ఊరి పేరు, టైము ఉన్నాయి. కిలోమీటర్లు ఎక్కడా లేవు. ఉడాన్ అనే పథకం 2016లో ప్రకటించి, 2017 ఏప్రిల్ 27న సిమ్లా, కడప, నాందేడ్ విమానాలతో మొదలుపెట్టారు. అందులో కొన్ని సీట్లకు మొదట 2,500 రూపాయలు మించకూడదన్నారు. దేనికి 2,500? సుమారు 500 కిలోమీటర్లకు, అంటే విమానంలో ఒక గంట ప్రయాణానికి. హెలికాప్టర్ అయితే అరగంటకు. అంటే వాళ్ళూ గంటల్లోనే ఆలోచించారు.

ఇది చదివాక నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వను ఫలానా ఊరు ఎంత దూరం అంటే కిలోమీటర్లు చెప్పదు. కూతవేటు దూరం అంటుంది, చుట్ట కాలేంత దూరం అంటుంది, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చేరతాం అంటుంది. బడికి వచ్చిన కొత్తలో అవ్వకు దూరం చెప్పడం రాదు అని మా అన్నలు నవ్వేవారు. మా ఇంట్లో అక్షరం నేర్చింది మేమే మొదలు కనుక మాకు కొంచెం గర్వం ఎక్కువ. కానీ విమానాశ్రయం బోర్డు చెప్పేదీ, అవ్వ చెప్పేదీ ఒకే జాతి మాట. ఎంత దూరం ఉంది అని కాదు, ఎప్పటికి చేరతావు అని.

అందుకని ఇదే లెక్క మా ఊరికి కూడా వేశాను.

మా ఊరు కొండ మీద. ఆసుపత్రి కింద. పటంలో చూస్తే ఆసుపత్రి మా ఊరికి 4 కిలోమీటర్లు దక్షిణం, నాలుగున్నర తూర్పు. 4 వర్గం 16. 4.5 వర్గం 20.25. కలిపితే 36.25. వర్గమూలం 6 కిలోమీటర్లు. ఆశా అక్క లెక్క ప్రకారం కాలిబాట 11 కిలోమీటర్లు. వంకర లెక్క వేయండి: 11ను 6తో భాగిస్తే 1.83. కొండ చుట్టి దిగాలి, రెండు వాగులు దాటాలి, కనుక అంత వంకర.

రెండేళ్ళ కిందట వానాకాలంలో మా వదినకు నొప్పులు మొదలైతే డోలీలో దించారు. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, నలుగురు వంతులు వేసుకుని భుజాలు మార్చుకుంటూ మోశారు. మా అన్న ఒక వంతు. నేను ముందు లాంతరు పట్టుకున్నాను. మొదటి వాగు దగ్గర నీళ్ళు తగ్గేదాకా నిలబడ్డాం. వదిన అరవలేదు, దుప్పటి అంచు పళ్ళతో పట్టుకుంది. కొండ దిగాక ఆటో దొరకలేదు, ఆసుపత్రి దాకా మోసుకునే పోయారు. మొత్తం నాలుగు గంటలు. వదిన, పాప ఇద్దరూ బాగున్నారు. పాప ఇప్పుడు నా పుస్తకాలు చింపుతుంది.

11 కిలోమీటర్లు నాలుగు గంటల్లో, అంటే గంటకు 2.75 కిలోమీటర్లు. అదే 6 కిలోమీటర్ల తిన్నని దూరం ఏటీఆర్ వేగంతో 42 సెకన్లు. ఈ జవాబు వచ్చినప్పుడు నమ్మలేక మళ్ళీ వేశాను. 42 సెకన్లే.

మా ఊరికి విమానం అక్కర్లేదు, అది నాకూ తెలుసు. ఆటో పోయే దారి ఒకటి ఉందనుకోండి. వంకరలు తియ్యకపోయినా ఫరవాలేదు, అదే 11 కిలోమీటర్లు. వాగుల మీద చిన్న కల్వర్టులు. ఆటో గంటకు 25 కిలోమీటర్ల లెక్కన పోతే 26 నిమిషాలు. చూడండి, దూరం అంగుళం కూడా తగ్గలేదు. నాలుగు గంటలు 26 నిమిషాలు అయింది. లెక్కల పుస్తకంలో దూరం, వేగం, కాలం అని మూడు మాటలు ఉంటాయి. మూడింటిలో మనం మార్చలేనిది దూరం ఒక్కటే.

మన హాస్టల్లో ఎన్నో ఊళ్ళ వాళ్ళం ఉన్నాం. సెలవులకు వెళ్ళినప్పుడు ఒక్కొక్కరూ మీ ఊరి నుంచి ఆసుపత్రికి తిన్నని దూరం, బాట దూరం, పట్టే సమయం, డోలీలో అయితే ఎంత, వానాకాలం ఎంత, ఎండాకాలం ఎంత, ఇవన్నీ చీటీ మీద రాసుకుని రండి. తిన్నని దూరం పటంలో నేను తీసి పెడతాను. గ్రాఫు కాగితం మీద వేసి వచ్చే నెల ఇక్కడే అంటిద్దాం. పెద్దవాళ్ళు ఎవరైనా తనిఖీకి వస్తే ముందు ఈ గోడే చూస్తారని వార్డెన్ మేడమ్ గారు అన్నారు. సమయం రాసేటప్పుడు మీ అవ్వలను అడగండి, వాళ్ళు సరిగ్గా చెబుతారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకు ఒక లెక్క: హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌లో ఉంది. అది ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 14 నిమిషాలు, తూర్పు రేఖాంశం 78 డిగ్రీల 26 నిమిషాల దగ్గర ఉంది. మధురపూడి నుంచి అక్కడికి ఎంత దూరం? అక్షాంశాలు దాదాపు ఒకటే కనుక నిలువు గీత చాలా పొట్టిగా వస్తుంది, భయపడకండి. అక్కడ ఒక డిగ్రీ రేఖాంశానికి 106 వేసుకోండి. జవాబు చీటీ మీద రాసి, పేరు, తరగతి వేసి, మెస్ గుమ్మం పక్కన ఉన్న డబ్బాలో వెయ్యండి. పటం మీద దారం మాత్రం తెంపొద్దు, వచ్చే నెలకు కావాలి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని